ఓదెమ్మ బర్రె అడవి జంతువైన వైనం

మా ఆఫీసు పేరు ఒక్క గుక్కలో చెప్పగలిగినవాళ్లు మా ఆఫీసులోనే నలుగురు లేరు. వన్య, గృహ మహిష జన్యు సంబంధ నిర్ధారణ మరియు శుద్ధి పరిరక్షణ కేంద్రం. మహిషం అంటే బర్రె. నేనక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు పురుషోత్తం. ఉత్తర్వులు టైపు చేయడం, చేసినవి బీరువాలో పెట్టడం, అడిగినప్పుడు దొరకలేదని చెప్పడం నా పని.

ఈ కేంద్రం ఎలా పుట్టిందంటే, ఎనిమిదేళ్ల కిందట మా డైరెక్టరు డాక్టర్ చక్రధరరావుగారు ఏదో మంచుదేశంలో సదస్సుకు వెళ్లారు. అక్కడ ధ్రువపు జింకలుంటాయి. కొన్ని అడవిలో వాటి మానాన అవి తిరుగుతాయి, కొన్నిటిని జనం మందలుగా పెంచుకుని బళ్లు లాగిస్తారు. చూపుకి రెండూ ఒకటే. పైగా ఇవి అటూ అవి ఇటూ పోయి కలుస్తుంటాయి కూడా. ఏది ఎంత అడవిది, ఏది ఎంత ఊరిది, ఏ మందకు ఏ మంద చుట్టం అనేది అక్కడివాళ్లు రక్తం పరీక్షించి తేల్చి, రంగురంగుల పటాలు గీశారట. ఆ పటాలు చూసి డైరెక్టరుగారు మైమరచిపోయారు. తిరిగొచ్చి, మనకెందుకు లేదని పైవాళ్లను నిలదీశారు. మనకు ధ్రువపు జింకలు లేవు కనక లేదని ఎవరైనా చెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు. గోదావరి అవతలి అడవుల్లో అడవి బర్రెలున్నాయి, ఇవతలి ఊళ్లలో ఊరబర్రెలున్నాయి, అది చాలన్నారు.

నియమావళి రాసే తీరిక లేక మంచుదేశపు పుస్తకాన్నే తెలుగు చేయించి, ధ్రువపు జింక అన్న చోటల్లా మహిషం అని మార్చారు. ఆ మార్చింది నేనే. ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని నాకు రాతపూర్వకంగా ఇచ్చారు. అందుకే మా దరఖాస్తులో ఈనాటికీ ఏడో గడి 'మహిషం సంచరించు ప్రాంతమున మంచు లోతు', పదకొండో గడి 'కొమ్ములు ఏటా ఏ నెలలో రాలును'. రైతులు పాపం తోచింది రాస్తారు. ఒకాయన 'రాలవు, కానీ ఒకసారి గోడకు గుద్దుకుని విరిగింది' అని రాశాడు. దాన్ని 'పాక్షికముగా రాలును' అని నమోదు చేసుకున్నాం.

రక్తం పోల్చాలంటే ముందు అచ్చమైన అడవి రక్తం ఒకటి చేతిలో ఉండాలి కదా. మొదటి ఏడాదే మావాళ్లు అడవి అంచున కాపు కాసి ఒక పడుచు దున్నను పట్టుకొచ్చారు. అది పెనుగులాడలేదనీ, తవుడు గంప చూపిస్తే తనే లారీ ఎక్కిందనీ పట్టినవాళ్లు నివేదికలో రాశారు. డైరెక్టరుగారు ఆ వాక్యం కొట్టేసి 'వన్య మహిషపు సహజ నిర్భీతి ప్రస్ఫుటమైనది' అని సరిదిద్దారు. దానికి ప్రమాణ-1 అని పేరు పెట్టి, చుట్టూ ఎనిమిదడుగుల గోడ కట్టించి, గేటుకు ప్రాణాపాయం బోర్డు తగిలించారు. ఎనిమిదేళ్లుగా దాని దగ్గరికి మనిషన్నవాడు పోలేదు. గడ్డి కూడా గోడమీంచే విసురుతారు.

దాని ఎడమ తుంటి మీద వెంట్రుకలు లేకుండా కూడిక గుర్తులాంటి మచ్చ ఉంది. డైరెక్టరుగారు దాని మీద నాలుగు పరిశోధన పత్రాలు రాశారు. శుద్ధ వన్య మహిషానికి పరిణామక్రమంలో వేల ఏళ్లుగా ఏర్పడిన సహజ చిహ్నమని అందులో తేల్చారు. ఇక సూత్రం సులువు. ప్రమాణ-1 రక్తంతో సగానికి పైగా కలిస్తే అడవిది, సగానికి తగ్గితే ఊరిది. అడవిదైతే మాది. ఊరిదైతే యజమానిది.

మొన్న వేసవిలో నిజంగానే ఒక దున్న గోదావరి దాటి వచ్చింది. కొమ్ములు బారెడేసి ఉన్నాయి. వచ్చీ రాగానే రెండు ట్రాక్టర్లను బోర్లా పడేసి, మిరపతోట కాపలావాణ్ణి మంచెతో సహా కూలదోసింది. మత్తు సూది వేసి రక్తం తీశారు. మా ల్యాబ్ టెక్నీషియన్ నజీర్ ఫలితం తెచ్చి డైరెక్టరుగారి బల్లమీద పెట్టి, నసుగుతూ నిలబడ్డాడు.

"ప్రమాణంతో కలిసింది తొమ్మిది శాతమే సార్."

"అంటే గృహ మహిషం. ఇందులో సందేహమేముంది?"

"ఏం లేదు సార్. దాన్ని చూస్తే..."

"చూడటం శాస్త్రం కాదు నజీర్."

సూత్రం ప్రకారం దానికి చెవిపోగు ట్యాగు వేసి, మత్తు దిగకముందే బందెలదొడ్డికి తోలించారు. తప్పిపోయిన పశువుల్ని యజమాని వచ్చేదాకా కట్టేసే చోటు అది. ఏడు రోజుల్లోగా యజమాని తాడుతో సహా హాజరై తన దున్నను తీసుకుపోవలెనని నోటీసు నేనే టైపు చేసి ఊరూరా అంటించాను. తాడుతో ఎవరూ రాలేదు. మొదటి రెండు రోజులు బందెలదొడ్డి కాపలాదారు కప్పెక్కి పెంకుల మీదే భోంచేశాడు. మూడో రోజు దున్న గోడను కూల్చుకుని, వచ్చిన దారినే పోయింది. యజమాని నిర్లక్ష్యం వల్ల గృహ మహిషం అడవి పాలైందని ఫైల్లో రాసి, యజమాని పేరు దగ్గర ఖాళీ వదిలాం.

అడవి అంచు ఊళ్లలో పరీక్షలు మొదలుపెట్టింది ఆ తర్వాతే. అలా ఇప్పలగూడెంలో ఓదెమ్మ దొడ్డికి వెళ్లాం.

ఓదెమ్మకు యాభై దాటాయి. ఒక్కతే ఉంటుంది. ఒకే బర్రె, పేరు సింగారి. పద్నాలుగేళ్ల బర్రె అయినా ఒళ్లు నిగనిగలాడుతోంది. ఇరవై రోజుల కిందటే ఈనింది. దూడ తల్లి కడుపు కిందే తిరుగుతోంది. డైరెక్టరుగారు బర్రె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎడమ తుంటి దగ్గర ఆగిపోయారు. కూడిక గుర్తు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ చిహ్నం చూశారా పురుషోత్తం? రోమాంచం కలుగుతోంది."

"గది గట్టయ్య పెట్టిన వాత సారూ," అంది ఓదెమ్మ. "కడుపుబ్బుతె పెట్టిండు. మా ఊళ్లె ఏ గొడ్డుకైన గాయననే పెడ్తడు."

గట్టయ్య పక్కింటి అరుగు మీదే ఉన్నాడు. పశువులకు నాటువైద్యం చేసే ముసలాయన. ఔనన్నట్టు తలాడించి, "మా నాయిన గట్లనే పెట్టేటోడు. నిలువు ఒకటి, అడ్డం ఒకటి. ఎడమ పక్క," అన్నాడు.

"రాసుకోండి పురుషోత్తం. స్థానికులు ఈ సహజ చిహ్నాన్ని మానవకృతమని విశ్వసించుచున్నారు. ఆసక్తికరమైన మూఢనమ్మకం."

రాసుకున్నాను. వారానికి ఫలితాలొచ్చాయి. సింగారి రక్తం ప్రమాణ-1తో డెబ్బై ఒక్క శాతం కలిసింది. ఎనిమిదేళ్లలో అంత దగ్గరి చుట్టరికం ఇంకెక్కడా దొరకలేదు. డైరెక్టరుగారు స్వీట్లు పంచారు. దూడకు మాత్రం నలభై మూడే వచ్చింది. దాని తండ్రి పశువుల ఆసుపత్రి సూది కాబట్టి అంతకన్నా రాదు. అంటే తల్లి అడవిది, బిడ్డ ఊరిది. మంచుదేశపు నియమావళి ప్రకారం అడవి జంతువుకూ ఊరి జంతువుకూ మధ్య ఐదు కిలోమీటర్ల ఎడం ఉండాలి. అడవి జంతువు దేహద్రవాలు సేకరించడం శిక్షార్హం, అంటే పాలు పితకడం కూడా కుదరదు. సింగారిని లారీ ఎక్కించి కేంద్రానికి తెచ్చారు. దూడను ఓదెమ్మకు వదిలారు. ఇన్నేళ్లూ ఒక అడవి జంతువును తాడుతో కట్టేసినందుకు ఆమె మీద కేసు పెట్టకుండా ఉదారంగా మందలించి ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఓదెమ్మ ఎనిమిది కిలోమీటర్లు నడిచి నా కిటికీ ముందుకొచ్చింది.

"బిడ్డా, దుడ్డె పాలు తాగుతలేదు. పక్కింటి బర్రె పాలు గొట్టంతోని పోస్తె కక్కుతున్నది. దాని తల్లినన్న తోలియ్యుండ్రి, లేకుంటె దుడ్డెనన్న తీస్కోండ్రి."

దూడను తీసుకునే అధికారం మాకు లేదని చెప్పాను. ఆ మాట నా నోటినుంచి వస్తుంటే నాకే సిగ్గేసింది. లోపలి దొడ్లో సింగారి ఒకటే అరుపు. దూడ లేనిదే అది పాలు చేపదు, చేపినా పితికేవాడు జైలుకు పోతాడు, పొదుగు బిగిసి కుండలా అయింది. డైరెక్టరుగారు ఆ అరుపుల్ని రికార్డు చేయించి 'వన్య మహిషపు స్వేచ్ఛాగానం' అని దాచారు.

రెండోరోజూ వచ్చింది. దూడ లేచి నిలబడటం లేదంది. మూడోరోజు ఏమీ అడక్కుండా కిటికీ కింద కూలబడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఏ ఫైలూ పూర్తిగా చదివినవాణ్ణి కాదు. ఆ రోజు తలుపేసుకుని నియమావళి మొత్తం చదివాను. ముప్ఫై ఒకటో నియమం కనపడింది. 'కాపరి పిలుపునకు పలికి దరిచేరు మహిషమును గృహ మహిషముగా భావించవలెను.' అక్కడి కాపరులు పిలిస్తే వాళ్ల జింకలు వస్తాయి కాబోలు. మాట మార్చింది నేనే గానీ అర్థం ఇప్పుడు తెలిసింది. ఓదెమ్మ పేరున అర్జీ టైపు చేసి, వేలిముద్ర వేయించి, డైరెక్టరుగారి ముందు పెట్టాను.

ఆయన అర్జీని రెండుసార్లు చదివారు. నియమం తమ కేంద్రానిదే కనక కాదనలేకపోయారు. "విచారణ జరుపుదాం. వన్య మహిషం పిలిస్తే పలకదని నిరూపించే అరుదైన అవకాశం ఇది," అన్నారు.

ఆ మధ్యాహ్నమే దొడ్డి దగ్గర మూడు కుర్చీలు వేయించారు. డైరెక్టరుగారు, నజీర్, నేను. ఓదెమ్మకు తోడుగా గట్టయ్య వచ్చాడు. సింగారి ఆ చివర రేకుల షెడ్డులో ఉంది. మాకు ఎడమపక్క ప్రమాణ-1 గోడ, దాని గేటు. ఓదెమ్మ కొంగు నడుముకు చుట్టి పిలిచింది.

"సింగారీ... దా బిడ్డా... దా దా..."

సింగారి చెవులు నిక్కించి, ఎదురుగా ఉన్న వెదురు అడ్డుకర్రను ఛాతీతో తోసుకుని పరుగున వచ్చి ఓదెమ్మ చంకలో మూతి పెట్టింది. నేను నియమం ముప్ఫై ఒకటి పక్కన టిక్కు పెట్టబోయాను.

"ఆగండి," అన్నారు డైరెక్టరుగారు. "ఇది స్పందనా, యాదృచ్ఛికమా అన్నది ఒక్క ప్రయోగంతో తేలదు. జంతువును వెనక్కి తీసుకుపోయి మళ్లీ పిలవమనండి. ఈసారి బిగ్గరగా."

ఓదెమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి ఆమె గొంతు గోడ దాటింది.

ముందు గేటు గొళ్లెం విరిగిన చప్పుడు వినపడింది. తర్వాత గేటు, ప్రాణాపాయం బోర్డుతో సహా, మా కాళ్ల దగ్గరికి వచ్చిపడింది. దాని వెనకే ప్రమాణ-1. నేనూ నజీర్ ఒకరినొకరు తోసుకుంటూ కుర్చీల వెనక్కి పోయాం. అవి ప్లాస్టిక్ కుర్చీలు. డైరెక్టరుగారు ఎప్పుడు దూకారో తెలియదు గానీ నీళ్లతొట్టిలో మోకాలిలోతున నిలబడి ఉన్నారు. దున్న మా ముగ్గురినీ లెక్కచేయకుండా నేరుగా ఓదెమ్మ దగ్గరికి నడిచి, ఆమె భుజమ్మీద తలకాయ ఆనించి, గట్టిగా ఊపిరి వదిలింది.

ఓదెమ్మ బెదరలేదు. దాని మూతి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎడమ చెవి కొస చీలి ఉంది. ఆ చీలిక మీద వేలు పెట్టింది.

"ఓరి బుడ్డోడా," అంది. "గీడున్నవారా నువ్వు?"

ఆమె కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది. సింగారి కూడా షెడ్డులోంచి మళ్లీ వచ్చి దున్న మెడ నాకడం మొదలుపెట్టింది. గట్టయ్య వెనక్కి పోయి తుంటి తడిమి చూశాడు.

"గిది నేను పెట్టిన వాతనే. అడ్డంగీత జెర వంకర పోయింది, యాదికున్నది."

ఓదెమ్మ కళ్లు తుడుచుకుని చెప్పింది. "సింగారి తొలిసూరుల పుట్టిండు సారూ. పదేండ్లయితది. చెవి ముళ్లకంచెకు తట్టుకుని చీలింది. రెండేండ్లప్పుడు మేతకు పొయ్యి మళ్ల రాలే. పులి తిన్నదనుకొని ఏడ్సిన."

అందరికంటే ముందు నోరు తెరిచింది నజీర్. "సార్, అయితే మరి డెబ్బై ఒక్క శాతం కలవడం..."

"మీరు మాట్లాడకండి," అన్నారు డైరెక్టరుగారు తొట్టిలోంచి.

మాట్లాడకపోయినా లెక్క అందరికీ అర్థమైంది. తల్లీకొడుకుల రక్తం కలవక ఇంకేం చేస్తుంది? మేం ఎనిమిదేళ్లుగా అడవి రక్తం అనుకున్నది ఓదెమ్మ దొడ్డి రక్తం. ఆ తొమ్మిది శాతం వచ్చిన దున్న ఒక్కటే మా చేతికి చిక్కిన అసలు అడవి దున్న. దానికి మేం యజమానిని వెతికాం.

డైరెక్టరుగారు తడిసి పంచెలా వేలాడుతున్న ప్యాంటుతో గదిలోకి వెళ్లి నన్ను పిలిచారు. మొహం చూస్తే ఆ క్షణంలో నాకూ జాలేసింది. గోడనిండా ప్రమాణ-1 పక్కన ఆయన దిగిన ఫొటోలు, దాని గేటుకు ఇవతల నిలబడి.

"ప్రమాణం తప్పు కావడానికి వీల్లేదు పురుషోత్తం. తప్పయితే అది ప్రమాణమెలా అవుతుంది?"

"నిజమే సార్."

"కాబట్టి దున్న వన్యమే. పిలిస్తే అదీ వచ్చింది కనక ముప్ఫై ఒకటో నియమం ఇవాళ్టితో రద్దు. అయితే దాని తల్లి అనే వివాదాస్పద ఆధారం మన ప్రాంగణంలో ఉండటం శాస్త్ర ప్రయోజనాలకు భంగకరం. అలాగని వన్య మహిషాన్ని పల్లెటూరి ఆవిడకు అప్పగించే నియమం లేదు. ఏం చేద్దాం?"

జీవితంలో మొదటిసారి ఒక అధికారి నన్ను సలహా అడిగారు. చెప్పాను. శుద్ధ వన్య మహిషం సింగారి ఈ రోజు మధ్యాహ్నం మరణించినట్టు రాద్దాం. అటు బందెలదొడ్డి ఫైల్లో యజమాని దొరకని గృహ మహిషం ఒకటి లెక్కతేలకుండా ఉంది. ఇప్పుడు యజమాని హాజరై దాన్ని తీసుకుపోయినట్టు రాద్దాం. రెండు ఫైళ్లూ మూతపడతాయి.

ఆయన నా చేయి పట్టుకున్నారు. మరణకారణం గడిలో 'అడవిపై బెంగ' అని ఆయనే చెప్పారు. మంచు లోతు దగ్గర 'లేదు' అని రాశాను. ఓదెమ్మ తాడు చేతబట్టుకుని వేలిముద్ర వేసింది. ఆ రసీదులో జంతువు వివరం పాత నోటీసులో ఉన్నట్టే ఉండాలి కాబట్టి 'దున్న, మగది' అనే ఉంది.

"బుడ్డోణ్ణి గూడ తోలియ్యుండ్రి సారూ," అంది ఆమె.

"అసంభవమమ్మా. అది లేకపోతే ఏది అడవిదో ఏది ఊరిదో ఈ రాష్ట్రానికి తెలియదు."

ఆమె దున్న వైపు చూసింది, సింగారి పొదుగు వైపు చూసింది. దూడ ఎంతసేపు ఆగుతుందో ఆమెకు తెలుసు. తాడు పట్టుకుని గబగబా నడిచింది. ఆ సాయంత్రం నేను సైకిలు మీద ఇప్పలగూడెం వెళ్లాను. దూడ పడుకునే ఉంది. సింగారి వాకిట్లోంచే పిలిచింది. దూడ ముందుకాళ్ల మీద ఒకసారి పడి, లేచి, తలతో పొదుగును కుమ్మింది. ఓదెమ్మ, గట్టయ్య, నేను, ముగ్గురం దాని గుటకలు వింటూ కూచున్నాం.

"పై యేడు మళ్ల సర్వేకొస్తరు గద బిడ్డా," అంది ఓదెమ్మ. "వాత జూసి మళ్ల కొంటవోతే?"

"ఇంకో రెండు గీతలు గీకుదునా? గుర్తు మారుతది," అన్నాడు గట్టయ్య.

"వద్దు. ముసల్ది, మళ్ల కాలుస్తనా దాన్ని," అంది ఓదెమ్మ.

నేను లేచి సైకిలు తీశాను.

రెండు నెలలకు, దివంగత సింగారి స్మారకంగా కేంద్రం ముందు సిమెంటు విగ్రహం లేచింది. ఆవిష్కరణకు రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చారు. చివరి శుద్ధ వన్య మహిషమాత మన కళ్లముందే కనుమరుగైందంటూ డైరెక్టరుగారు గంటసేపు మాట్లాడారు, ఒకచోట కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత టీలు. పెద్ద అధికారి ఒక గుక్క తాగి గ్లాసు వైపు చూశారు.

"పాలు చిక్కగా ఉన్నాయే. ఎక్కడివి?"

"స్థానికంగా సేకరించాం సార్," అన్నాను. పాలు పోసిన ఓదెమ్మ క్యాను పట్టుకుని వెనక నిలబడి ఉంది. రికార్డుల ప్రకారం అవి చచ్చిపోయిన అడవి బర్రె పాలైనా కావాలి, బతికున్న మగ దున్న పాలైనా కావాలి. ఆయన రెండో గ్లాసు అడిగారు.

అంతలో విగ్రహం చుట్టూ తిరుగుతున్న గట్టయ్య తన ధోరణిలో పైకే అనేశాడు. "వాత కుడిపక్క జెక్కిండ్రేంది? నేను ఎప్పుడైన ఎడమ పక్కనే గదా."

పెద్ద అధికారి తల తిప్పారు. చేతిలోని పుస్తకం తెరిచారు. "అవునే. మీ పరిశోధనలో చిహ్నం ఎడమ తుంటి మీద అని ఉంది. ఇక్కడ కుడివైపు ఉందేం?"

శిల్పికి ఇచ్చిన ఫొటో అద్దంలో బొమ్మలా కుడియెడమలు మారి అచ్చయింది, అంతే సంగతి. కానీ డైరెక్టరుగారు రెప్ప వేయలేదు.

"ఎడమవైపు మగవాటికి సార్. ఆడవాటికి కుడివైపే ఉంటుంది. ఎడమవైపు మచ్చ ఉన్న ఆడ మహిషం నిస్సందేహంగా గృహ మహిషమే, దానికి రక్త పరీక్ష కూడా అక్కర్లేదు." నా వైపు తిరిగారు. "పురుషోత్తం, ఆ సవరణ ఇంకా వెలువడలేదా?"

"ఈ సాయంత్రమే వెలువడుతోంది సార్."

ఆ సవరణను నేను ఒక్క అచ్చుతప్పు లేకుండా టైపు చేశాను. నా సర్వీసులో అంత సంతోషంగా టైపు చేసిన ఉత్తర్వు ఇంకోటి లేదు. సంతకం ఆరకముందే ఒక నకలు తీసుకుని బయటికి పరిగెత్తి, ఖాళీ క్యానుతో పోబోతున్న ఓదెమ్మకు చదివి వినిపించాను. ఇక సింగారి జోలికి ఎవరూ రారనీ, వస్తే ఈ కాగితం చూపించమనీ చెప్పాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"మరి బుడ్డోడు?"

బుడ్డోడు మగవాడు. మచ్చ ఎడమవైపు. వాడి కోసం నియమావళి మళ్లీ మొదటినుంచీ చదివాను గానీ ఏమీ దొరకలేదని చెప్పాను.

ఆమె క్యాను కింద పెట్టింది. చంకలో ఉన్న తవుడు సంచి తీసుకుని, కొత్తగా బిగించిన ప్రాణాపాయం బోర్డు కింద కూచుని, గేటు సందులోంచి చేయి పెట్టింది. లోపల్నుంచి బరువైన అడుగులు గేటు దాకా వచ్చి ఆగాయి.

"నెమ్మదిగ తినురా," అంది. "మీ అమ్మ మంచిగనే ఉన్నది. నీకు చెల్లె పుట్టింది."